గుడ్‌హోప్ అగ్రమున మరచిపోయిన తల్లులు

ప్రవాసాంధ్రుల చరిత్ర వ్రాయబూనిన వారందరును సాధారణముగా ఒకే త్రోవను నడచుచున్నారు. విజయనగర సైన్యముల వెంట దక్షిణమునకు వచ్చిన దండనాయకులు, మధురను తంజావూరును ఏలిన నాయకరాజులు, నల్లరేగడి నేలలను వెదకికొనుచు వచ్చి చెరువులు త్రవ్వించిన కాపులు, మగ్గములను బండ్లకెత్తికొని వచ్చిన సాలీలు, దేవాంగులు—వీరి కథలతో మన సంచికలు నిండుచున్నవి. అవి వ్రాయదగినవే. నేనును నా శక్తికొలది వ్రాసితిని. కాని ఈ తీరము విడిచి పోయిన వారందరును కత్తి పట్టికొనియో, కాడి మోసికొనియో పోలేదు. చేతులు కట్టబడి, వెల కట్టబడి ఓడ యెక్కినవారు వేలకొలది గలరు. వారిలో సగము కథ ఆడువారిది. ఆ ఆడువారిలో కొందరు గాని, వారి కూతుండ్రు మనుమరాండ్రు గాని సముద్రమున కావలి యొడ్డున ముస్లిములై, ఒక సంఘమునకు తల్లులైరి. ఆ సంఘము దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌను నగరమున నేటికిని నిలిచియున్నది. ఆ తల్లుల పేర్లను మనమును మరచితిమి, చాలకాలము వారును మరచిరి.

ఈ విషయము నన్ను పట్టుకొనుటకు కారణము నేనున్న చోటు. నేను తెలుగు బోధించు పాఠశాల తిరువళ్ళూరు జిల్లాలో, ఆంధ్రదేశపు సరిహద్దునకు దాపున నున్నది. అచటినుండి పళవేర్కాడు దూరము కాదు. మన పెద్దలు దానిని ప్రళయకావేరి యనిరి. తెల్లవారి నోట అది పులికాట్ అయినది. సరస్సులో పెద్దభాగము ఆంధ్రప్రదేశ్‌లోను, రేవుపట్టణము తమిళనాటను ఉన్నవి. సరిహద్దులు గీయువారు నీటిని పంచగలిగిరి గాని భాషను పంచలేకపోయిరి. ఈ చుట్టుప్రక్కల పల్లెలలో నేటికిని తెలుగు ఇంటిభాష.

డచ్చివారు 1610లో ఈ రేవున వర్తకశాలను నెలకొల్పిరి. 1613లో గెల్డ్రియా అను కోట లేచినది. అప్పుడీ పట్టణము చంద్రగిరి ప్రభువైన వేంకటపతిరాయల రాణి ఏలుబడిలో నుండెను. అంతకు నాలుగైదేండ్లకు ముందే వారు మచిలీపట్టణమున దిగియుండిరి. ఆ ఊరిలో వలందపాలెము అను పేట పేరు వారి గుర్తే. వలందలనగా హాలండువారు. మచిలీపట్టణము, పాలకొల్లు, ద్రాక్షారామము, భీమునిపట్టణములందు వారు నెరపిన బట్టల వ్యాపారమును గూర్చి మనము చదివియున్నాము. మన అద్దకపు వస్త్రములను కొని, వానిని తూర్పు దీవులలో లవంగ జాజికాయలకు మార్చుట వారి పద్ధతి. బట్టల మూటల ప్రక్కన మనుష్యులను గూడ ఎక్కించిరను సంగతి మన పాఠ్యపుస్తకములలో నాకెక్కడను కనబడలేదు.

పళవేర్కాడున డచ్చివారి శ్మశానము గలదు. పురావస్తుశాఖవారి రక్షణలో నున్నది. ద్వారమున కిరుప్రక్కల రెండు అస్థిపంజరములను రాతిలో చెక్కిరి. లోపల పదునేడవ శతాబ్దపు సమాధులు, పొడుగైన శాసనములు, చిత్రమైన చెక్కడపు పనులు. అధికారుల పేర్లు, వారి భార్యల పేర్లు, పసితనమున పోయిన బిడ్డల పేర్లు సయితము ఆ రాళ్ళమీద చదువవచ్చును. ఇదే రేవునుండి పంపబడిన మన పిల్లల పేర్లకు ఒక గులకరాయియు లేదు. ఆ ద్వారము దాటునప్పుడెల్ల నాకు మొదట తట్టునది ఈ వ్యత్యాసమే.

ఆ రవాణా ఎడతెగక సాగినది కాదు. ఆకలితో పాటు పెరిగి, వానలతో పాటు తగ్గినది. 1622, 1623 సంవత్సరములలో పళవేర్కాడు, దేవనాంపట్టణము మున్నగు రేవుల నుండి డచ్చివారు దాదాపు 1,900 మందిని తరలించిరి. 1645–46లో మరల కరవు రాగా 2,118 మంది పోయిరి. 1659–61 నడుమ తంజావూరు సీమను యుద్ధమును క్షామమును కలిసి పీడించినపుడు ఎనిమిదివేలకు తక్కువగాని, పదివేలకు ఎక్కువగాని కాని జనులు అమ్ముడుపోయిరని చరిత్రకారులు తేల్చిరి. 1687లో గోలకొండ కూలి, మొగలుసేనలు కర్ణాటకమున జొచ్చిన వెంటనే పంటలు పోయినవి. అప్పుడు అమ్మబడినవారిలో ఎక్కువమంది ఆడుపిల్లలును, చిన్న మగపిల్లలును అని రికార్డులు చెప్పుచున్నవి. ఈ పాపము డచ్చివారిది మాత్రమే కాదు. 1687 సెప్టెంబరు నెలలోనే చెన్నపట్టణపు సెంటుజార్జి కోటనుండి ఆంగ్లేయులు 665 మందిని ఎగుమతి చేసిరి. అచ్చెమునకును జొహోరునకును పంపిన ఆసియా వర్తకులలో మనవారును గలరు. రేవునకు పిల్లలను తెచ్చి అప్పగించిన దళారులు ఈ నేలమీది వారే. దీనిని దాచుటవలన లాభము లేదు.

ఆడుపిల్లలెందుకు ఎక్కువ? కరవునాట ఇంటిలో గింజ నిండుకొన్నపుడు మొదట ఎవరిని వదలుకొందురో మనకు తెలియును. దున్నుటకు, నేయుటకు పనికివచ్చు మగబిడ్డను కడవరకు అట్టిపెట్టుకొందురు. ఎట్లును పరుల ఇంటికి పోవలసినదే గదా యని పిల్లను అప్పగింతురు. అమ్మినవారికది బ్రతికించుట యని తోచియుండవచ్చును. కొన్నవారికి మాత్రము లెక్క వేరు.

వీరిలో పలువురు జావా దీవిలోని బటేవియాకు, సింహళమునకు చేరిరి. 1652లో డచ్చి కంపెనీవారు ఆఫ్రికా దక్షిణపు కొననున్న గుడ్‌హోప్ అగ్రమున విడిది ఏర్పరచిన పిమ్మట, ఓడలు ఆ దారిని పోవునప్పుడు కొందరచట దిగవేయబడిరి. 1808లో బానిసల దిగుమతి ఆగునప్పటికి సుమారు 63,000 మంది ఆ చోటికి తేబడిరని పరిశోధకుల అంచనా. వీరిలో నాలుగవవంతు భారతదేశమునుండి, మిగిలినవారు ఆఫ్రికా, మడగాస్కరు, ఇండోనీషియా దీవులనుండి వచ్చినవారు. ఆఫ్రికా తీరమున బానిసలనగా ఆఫ్రికావారే యని మనము తలచుచుందుము. కేప్‌టౌను సంగతి అట్లు కాదు. అచటి ప్రతి నలుగురు బానిసలలో ఒకరు ఈ దేశపు మట్టిలో పుట్టినవారు.

దిగిన వెంటనే పేరు పోయెడిది. కొన్నవాడు తన ఇష్టమువచ్చినట్లు పిలుచుకొనెడివాడు. గ్రీకు రోమను పురాణముల పేర్లు పెట్టిరి. బైబిలు పేర్లు పెట్టిరి. ఫిబ్రవరి, సెప్టెంబరు అని నెలల పేర్లు పెట్టిరి. ఇంటిపేరునకు బదులు వచ్చినచోటు తగిలించిరి. 'ఫాన్ బెంగాలెన్' అనగా వంగదేశపువాడు. 'ఫాన్ కోరమాండల్' అని గాని, 'ఫాన్ డి కస్ట్', అనగా 'తీరపుది' అని గాని వ్రాసిన, అది మన ఈ తూర్పు తీరము. 'ఫాన్ డి కాప్' అనగా కేప్‌లోనే పుట్టినది. ఈ గుర్తు తగిలిన బిడ్డకు తల్లి ఏ దేశపుదో పేరులో మిగులదు. అది తెగిన దారము.

కోరమాండల్ అను మాటను వారు తమిళ తీరమునకును, తెలుగు తీరమునకును కలిపి వాడిరి. కావున ఆ పేరుగల ప్రతి స్త్రీని తెలుగు ఆడపడుచని చెప్పి గర్వించుట నా ఉద్దేశము కాదు. మన సంచికలలో అట్టి ఉత్సాహము అప్పుడప్పుడు కనబడుచుండును. పళవేర్కాడు రేవున రెండు భాషలును కలిసియే వినబడెడివి. బానిసల పట్టీ వ్రాసిన గుమాస్తాకు భాషతో పనిలేదు. ఆమె తెలుగుదా, తమిళదా యను వాదముకంటె, ఆమె మన రేవునుండి పోయినదను నిజము పెద్దది.

ఇక చట్టము. కంపెనీవారి న్యాయము ప్రకారము బిడ్డ తల్లి స్థితిని పొందును. తండ్రి దొర యైనను, తల్లి బానిసయైనచో బిడ్డ బానిస. తల్లి స్వతంత్రురాలైనచో, తండ్రి బానిసయైనను బిడ్డ స్వతంత్రము. తక్కిన వ్యవహారములన్నిటను తండ్రి పేరునే అడుగు చట్టము, సంకెల విషయమున మాత్రము తల్లిని అడిగినది. బానిసలకు శాస్త్రోక్త వివాహము లేదు. కంపెనీ సొంత బానిసలకై 1679లో కట్టిన పెద్ద కొట్టడి కేప్‌టౌనులో నేటికిని ఉన్నది, ఇప్పుడది వస్తుప్రదర్శనశాల. కిటికీలు తక్కువ, గాలి తక్కువ. రాత్రి తాళము వేయు ముందు సిపాయిలు, నావికులు అచటికి వచ్చి పోవుచుండిరని ఆనాటి యాత్రికులే వ్రాసిరి. అంతకుమించి నేను వ్రాయను.

ఈ అంధకారములోనికి ఇస్లాము రెండు ద్వారముల గుండ వచ్చినది. ఒకటి బానిసత్వము, రెండవది దేశబహిష్కారము. తూర్పు దీవులలో తమకు ఎదురుతిరిగిన రాజులను, మతగురువులను డచ్చివారు పట్టి ఈ అగ్రమునకు పంపుచుండిరి. వారిలో అగ్రగణ్యుడు మకాసరువాడైన షేక్ యూసఫ్. బాంటెన్ యుద్ధమున పట్టుబడి, సింహళమున కొన్నేండ్లు ప్రవాసముండి, 1694లో ఓడపై ఈ అగ్రమును చేరెను. 1699లో అచటనే మృతినొందెను. కేప్ ముస్లిములు తమ చరిత్రను ఆ మహనీయునితో ఆరంభింతురు. అది న్యాయమే. అయితే ఆయన వెంట 49 మంది వచ్చిరని గదా చెప్పుదురు. ఆ 49 మంది ఎవరు? ఇద్దరు భార్యలు, పరిచారికలు, పిల్లలు, శిష్యులు. భార్యల పేర్లు కారెకొంతు, కారెపానె అని జాబితాలో నున్నవి. రాజద్రోహము షేకుపై మోపబడినది. శిక్ష వారందరిపై పడినది. ఊరికి దూరముగా, ఇసుకదిబ్బల నడుమ, ఆ చిన్న సమూహమునకు అన్నము వండిన చేతులేవో జాబితాలో రెండు పేర్లకు మించి తెలియరాలేదు.

మతాచరణము సులభమైనది కాదు. 1642లో బటేవియాలో పుట్టి, 1657లో కేప్‌లో ప్రకటింపబడిన శాసనము ప్రకారము, ఇస్లామును బహిరంగముగ ఆచరించినవారికి, బోధించినవారికి మరణదండన. ఇంటి గోడల లోపల చేసికొనిన మాత్రము చూచియు చూడనట్లుండిరి. ఈ ఒక్క షరతును చదువరులు గమనింపగోరుదును. వీథిలో మతము లేదు, గుడి లేదు, మసీదు లేదు, ఉన్నదంతయు ఇంటిలోనే. ఇల్లనగా వంటయిల్లు, పురిటిగది, పిల్లల పడక. నూరేండ్లకు పైగా ఆ మతము బ్రతికినది అచటనే. పురుషులు బోధకులై యుండవచ్చును. బోధ నిలిచిన చోటు స్త్రీల చేతిలో నుండెను.

1770లో కంపెనీవారు మరియొక ఉత్తరువు చేసిరి. క్రైస్తవమతము పుచ్చుకొన్న బానిసను అమ్మరాదని దాని సారాంశము. దయతో చేసినదే కావచ్చును. ఫలితము మాత్రము తలక్రిందులైనది. సరకు విలువ తగ్గునని యజమానులు తమ బానిసలకు బాప్తిస్మము ఇప్పించుట మానిరి. చర్చి తలుపు మూసికొనగా ఇమాము ఇంటి తలుపు తెరచియుండెను. అచట పేరు పెట్టుదురు, నిఖా చేయుదురు, చనిపోయినచో స్నానము చేయించి పాతిపెట్టుదురు. దొర పెట్టిన నెల పేరు ప్రక్కన తనవారు పిలుచుకొను పేరు ఒకటి దొరకుట బానిసకు ఎంత భాగ్యమో మనము ఊహింపవలసినదే. ఈ దారిని వంగదేశమునుండి, మన తీరమునుండి, ఆఫ్రికానుండి వచ్చినవారు గూడ ముస్లిములైరి. తరువాత వారందరిని 'మలయీలు' అని ఒకే పేరుతో పిలిచిరి. ఆ పేరుక్రింద మన తీరపు స్త్రీ రెండవసారి కనుమరుగైనది.

ఇపుడు నా కథానాయికను పరిచయము చేసెదను. ఆమె పేరు సార్కీ. చిన్న సారా యని అర్థము. 'ఫాన్ డి కాప్' అను గుర్తు గలది గనుక అచటనే పుట్టినది. తండ్రి కొరిడాన్, సింహళమునుండి తేబడి విడుదలయైన బానిస. తల్లి పేరు త్రైన్. కొరిడాన్ 1794లో కేప్‌టౌనులోని డోర్ప్ వీథిలో ఒక ఇంటిని సంపాదించెను. అచట భూమిని సొంతము చేసికొన్న తొలి ముస్లిములలో అతడొకడు. అతని అనంతరము ఆస్తి భార్య చేతికి వచ్చినది. 1809లో తల్లి చేతినుండి కుమార్తె సార్కీ పేరికి మారినది.

ఆ ఇంటనే అవ్వల్ మసీదు వెలసినది. అవ్వల్ అనగా మొదటిది. దక్షిణాఫ్రికాలో మొట్టమొదటి మసీదుగా దానికి ప్రసిద్ధి. అచట మొదటి ఇమాము తువాన్ గురు. ఆయన తిదోరె దీవి రాజవంశీకుడు. 1780లో రాజకీయ ఖైదీగా తేబడి, రాబెన్ దీవిలో చెరనుండి, ఆ చెరలోనే ఖురానును జ్ఞాపకమునుండి తన చేతితో లిఖించిన పండితుడు. విడుదలయై 1793లో డోర్ప్ వీథిలో పాఠశాల పెట్టెను. బానిసల పిల్లలును, విడుదలయైనవారి పిల్లలును అందు చదివిరి. 1825 నాటికి విద్యార్థుల సంఖ్య 491. ఏ ప్రభుత్వ సహాయము లేని పాఠశాలకు ఆ సంఖ్య ఎంతటిదో నావంటి ఉపాధ్యాయునికి చెప్పనక్కరలేదు. తువాన్ గురు 1807లో గతించెను. ఆయన కేప్‌లో పెండ్లాడిన స్త్రీ కైజా. ఆమెయు 'ఫాన్ డి కాప్'యే. రాజకుమారునికి ఆ కొత్తదేశమున ఇల్లన్నది ఆమె వలననే ఏర్పడినది. ఆయనపై వ్రాసినదానిలో ఆమెకు లభించునది ఒక పంక్తి.

సార్కీ భర్త అచ్మత్, వంగదేశీయుడు. ఆ పాఠశాలను నడిపి, ఆ మసీదునకు ఇమాముగా నుండి, 1843లో మరణించెను. చరిత్రపుస్తకములలో చాలకాలము ఆమె 'ఇమాము భార్య'గ కనబడినది. స్థలము ఎవరిదను ప్రశ్న వచ్చినపుడు మాత్రము దస్తావేజు మాటలాడవలసి వచ్చినది. దస్తావేజు ఆమె పేరిట నున్నది. 1841లో ఆమె వీలునామా వ్రాయించినది. కేప్ ప్రభుత్వము మహమ్మదీయ మతాచరణమును అనుమతించునంతకాలము ఈ స్థలము మసీదుగానే యుండవలెనని దాని భావము. ఆ షరతును చదివినపుడు నాకు కలిగిన భావమును ఎట్లు చెప్పుదును! మతస్వేచ్ఛ 1804లోనే లభించియుండెను. అయినను ప్రభుత్వము ఎన్నడైన మాట మార్చునేమో యను ఎరుక ఆ స్త్రీ యొక్క ప్రతి అక్షరమున నున్నది. బానిస తలిదండ్రుల కూతురు ప్రభుత్వమును అంతకంటె ఎక్కువ నమ్మదు. ఆమె 1847లో గతించినది. ఆ మసీదు నేటికిని అచట నున్నది. శుక్రవారము ప్రార్థనలు జరుగుచునే యున్నవి.

ఒక విచిత్రమును ఇచట చెప్పక తప్పదు. ఇమాము చేసిన నిఖాను ప్రభుత్వము వివాహముగా ఎంచలేదు. 1823లో క్రైస్తవ బానిసలకు వివాహపు హక్కు కలిగినది గాని ముస్లిములకు కలుగలేదు. చట్టము దృష్టిలో సార్కీ భార్య కాదు. ఆమె బిడ్డలు ధర్మసంతానము కాదు. ఇది అవమానమే. కాని చట్టబద్ధమైన పెండ్లి యైనచో ఆ దేశపు రోమను డచ్చి న్యాయము భార్య ఆస్తిని భర్త ఆస్తితో కలిపి, భర్త పెత్తనము క్రింద నుంచెడిది. అవమానించిన చట్టమే ఆమె దస్తావేజును ఆమె చేతిలో విడిచినదని నాకు తోచును. న్యాయవాదులైన పాఠకులు నన్ను సరిదిద్దుదురుగాక.

ఆమెను ఆకాశమున కెత్తుట నా పని కాదు. విడుదలయైనవారు తామును బానిసలను కొనిరి. అందు రెండు తెరగులు గలవు. తన తల్లిని, బిడ్డను, తమ్ముని విడిపించుటకు వారిని కొనుటకంటె వేరు మార్గము చట్టమున లేదు. కావున తల్లి తన బిడ్డకు యజమానురాలై పట్టీలలో కన్పట్టును. అట్లు గాక పనికై కొన్నవారును గలరు. ముస్లిం ఇండ్లలో కొనబడినవారు విడుదల పొందుట తరచు జరిగినదని పరిశోధకులు చెప్పుదురు. అయినను కొనుట కొనుటయే. కీర్తింపదలచిన వారి తప్పులను మ్రింగివేసిన చరిత్ర స్తోత్రపాఠమగును.

పేరు నిలిచిన ఆడువారు ఇట్లు వ్రేళ్ళపై లెక్కింపదగినవారు. పేరు నిలువనివారు చేసిన పనులు మాత్రము నిలిచినవి. టేబుల్ పర్వతమునుండి దిగు ప్లాటెక్లిప్ వాగు ఒడ్డున పట్టణమంతటి మైలబట్టలను ఉదికినవారు వారే. బానిసత్వము పోయిన తరువాత గూడ ముస్లిం చాకలిస్త్రీలు ఆ ఊరి దృశ్యములలో ఒక భాగమై యుండిరి. దొరల బిడ్డలకు పాలిచ్చి పెంచినవారు వారే. వారి వంట దొరల బల్లమీది కెక్కి, ఇపుడు దేశీయ భోజనముగ ప్రసిద్ధికెక్కినది. అచటివారు ఊరగాయను 'అచ్చార్' అందురు. కారపు పులుసును 'కెర్రి' అందురు. ఆ రెండవ మాట ఈ తీరపు తమిళుల 'కఱి'యే. మాటలు గిన్నెలతో పాటు ప్రయాణము చేయును.

మీలాదు పండుగనాడు జరుపు ఒక ఆచారమును గూర్చి చదివి నేను చాలసేపు ఆలోచించుచు కూర్చుంటిని. ఆనాటి మధ్యాహ్నము స్త్రీలు, బాలికలు క్రొత్తబట్టలు కట్టి మసీదులోనికి పోయి, నేలపై వరుసగ కూర్చుండి, నిమ్మ నారింజ ఆకులను పలకలపై సన్నగ తరుగుదురు. సుగంధతైలములు కలిపి, రంగుకాగితములలో పొట్లములు కట్టుదురు. వీనిని 'రాంపీ'లందురు. సాయంకాలము పురుషులు స్తోత్రములు చదువునపుడు వానిని పంచిపెట్టుదురు. తల్లి కత్తి పట్టుకొను తీరును చూచి కూతురు నేర్చికొనును. ఆ ఆకుల వాసనలో మలయా దీవులున్నవని పండితులందురు. మనయింట పేరంటమునకు తమలపాకులు, పసుపు కుంకుమలు పొట్లములు కట్టు ముత్తైదువలే నాకు జ్ఞాపకమునకు వచ్చిరి.

భాష మాత్రము నిలువలేదు. మొదట మలయీ, పోర్చుగీసు కలిసిన మిశ్రభాష. పిమ్మట డచ్చి మారి ఏర్పడిన ఆఫ్రికాన్స్. తెలుగో తమిళమో పలికిన తల్లి, వింటున్న బిడ్డకు దానిని ఇచ్చిన నేమి ప్రయోజనము? యజమాని పిలుపు అందుకొనుటకు మరియొక భాష కావలెను. ఇచట ఒక వింత గలదు. నేడు తెల్లవారి అభిమానభాషగ పేరొందిన ఆఫ్రికాన్సును తొలుత వ్రాతలో పెట్టినవారిలో ఈ మదరసా పిల్లలు గలరు. వారు దానిని అరబ్బీ లిపిలో వ్రాసిరి. అబూబకర్ ఎఫెండి అను పండితుడు ఆ భాషలో ఆ లిపితో రచించిన ధర్మగ్రంథము 1877లో ఇస్తాంబులున అచ్చుపడినది. మా పళవేర్కాడు వంటి రేవుపట్టణములలోని ముస్లిములు తమిళమును అరబ్బీ లిపిలో వ్రాసి 'అర్వీ' యని పిలుచుకొనుట ఎరిగిన నాకు ఆ వార్త పరాయిదిగ తోచలేదు.

1834 డిసెంబరు 1న కేప్‌లో బానిసత్వము రద్దయినది. అయినను 'శిక్షణ' యను నెపమున మరి నాలుగేండ్లు పాతయజమానుల యొద్దనే పనిచేయవలసి వచ్చినది. 1838లో గాని నిజమైన విడుదల లేదు. తరువాతి నూరేండ్ల చరిత్రను వదలి ఒక్క సంగతి మాత్రము చెప్పుదును. వర్ణవిచక్షణ ప్రభుత్వము 1966 ఫిబ్రవరి 11న డిస్ట్రిక్ట్ సిక్స్ అను పేటను తెల్లవారి ప్రాంతముగ ప్రకటించి, 60,000 మందికి పైగా జనులను ఇండ్లనుండి తరిమివేసినది. వారిలో ముస్లిములు అనేకులు. దేశమునుండి తరుమబడినవారి మునిమనుమలు వీథినుండి తరుమబడిరి. అవ్వల్ మసీదున్న బోకాప్ పేట మాత్రము మిగిలినది.

ఇంకను ఒకటి. ఇమాము చేసిన పెండ్లికి చట్టమున గుర్తింపు లేదని పైన వ్రాసితిని గదా! ఆ లోపము రాజ్యాంగ విరుద్ధమని దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానము తీర్పు చెప్పినది 2022 జూన్ 28న. సార్కీ మరణించి అప్పటికి 175 ఏండ్లు. ఆ వ్యాజ్యమును నడిపినది ఒక స్త్రీల న్యాయసహాయ సంస్థ.

సార్కీ పేరును వెలికితీసినవారు అచటివారే. అచ్మత్ డేవిడ్స్ అను చరిత్రకారుడు 1980లో బోకాప్ మసీదుల చరిత్రను ప్రకటించుచు పాత దస్తావేజులను, వీలునామాలను తిరుగవేసెను. గురువుల గాథలలో దొరకని స్త్రీలు భూమి రిజిస్టరులలో దొరకిరి. మన పనికి గూడ ఇదియే దారి యని నా మనవి. పరదేశముల కేగిన తెలుగువారిని గూర్చి వ్రాయునపుడు వంశావళులను నమ్ముకొన్నచో మగవారు మాత్రమే లభింతురు. క్రయపత్రములు, దేవాలయ దర్గా మాన్యముల పట్టీలు, మంత్రసానుల నోటిమాటలు వెదకినచో తక్కిన సగము లభించును. హొసూరులో, బరంపురమున, షోలాపురమున, యానామున నున్న మన సంఘములలో దూదేకుల కుటుంబములు, ఇతర తెలుగు ముస్లిం కుటుంబములు గలవు. మన సంచికలలో వారి స్త్రీల పేర్లు నేనింతవరకు చూడలేదు. నా వ్యాసములందును లేవు.

ఈ వ్యాసమునకు సామగ్రి కూర్చుకొనుచున్న దినములలో నా తొమ్మిదవ తరగతి పిల్లలకు ఒక పని పెట్టితిని. ఎనమండుగురే యున్నారు, తెలుగు తరగతి ఏటేట చిక్కిపోవుచున్నది. తండ్రివైపు పూర్వుల పేర్లు, తల్లివైపు ఆడువారి పేర్లు, ఎన్ని తరములకు తెలిసిన అన్ని తరములు వ్రాసికొని రమ్మంటిని. మరునాడు పలకలవలె పుస్తకములు తెచ్చి చూపిరి. తండ్రివైపున నాలుగు తరములకు తక్కువ ఎవరును వ్రాయలేదు. ఒకడు ఏడు తరములు వ్రాసి, మొదటివాడు ఏ కోటలో కొలువుండెనో గూడ పేర్కొనెను. తల్లివైపున అమ్మ, అమ్మమ్మ. అమ్మమ్మ తల్లి యొద్ద అందరును ఆగిరి.

వారిలో ఒక ముస్లిం బాలిక గలదు. ఇంటిలో తెలుగే మాటలాడుదురు. ఆ పిల్ల అమ్మమ్మ తల్లి పేరును వ్రాసి, దానికి పైన మరియొక గడిని గీసి, అందు 'ఓడరేవు నుండి వచ్చినదట' అని మాత్రము వ్రాసినది. ఏ రేవని నేనడిగితిని. అమ్మమ్మ పలుకుట లేదనియు, ఆదివారము పోయి మరల అడిగి వత్తుననియు చెప్పి, ఆ గడిని చెరపవద్దని నన్ను వేడుకొనినది.